జనాభా లెక్కల్లో ముత్తాతను వెతుకుతున్న మేనకోడలికి

పర్లాకిమిడి

చి.ల.సౌ. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. వంశవృక్షం గీయాలనుకున్నావు, సంతోషం. అయితే మొదటి వాక్యంలోనే "1911 జనాభా లెక్కల్లో ముత్తాతగారి పేరు చూడాలంటే ఏ ఆఫీసుకి వెళ్లాలి?" అని అడిగావు కాబట్టి, ముందు ఆ ఆశ వదిలిస్తాను. ఏ ఆఫీసుకి వెళ్లినా దొరకదు. ఇంగ్లండులో, అమెరికాలో పాత సెన్సస్ కాగితాల్లో ఇంటిల్లిపాది పేర్లూ ఉంటాయి. ఇక్కడ అలా కాదు. 1871-72 నుంచి మనల్ని లెక్కపెడుతూనే ఉన్నారు గానీ, ఇంటింటికీ తిరిగి రాసుకున్న కాగితాలు కూడికలయ్యాక ఎవరూ దాచలేదు. మిగిలినవి అచ్చయిన పట్టికలే. ఏ తాలూకాలో ఎంతమంది, ఏ కులం, ఏ భాష, ఎందరికి చదువొచ్చు, అంతవరకే. స్వతంత్రం వచ్చాక తీసిన లెక్కలకైతే 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ అడ్డు. ఇంటింటికీ తిరిగే ఎన్యూమరేటరు రాసిన పుస్తకం చూసే హక్కు ఎవరికీ లేదు, సివిల్ దావాలో అది సాక్ష్యంగానూ చెల్లదు. డబ్బు కడితే పాత సెన్సస్‌లోంచి మీ వంశం తీసిస్తామని ఎవరైనా అంటే, ఆ డబ్బుతో బరంపురం వెళ్లి ఒక పట్టుచీర కొనుక్కో.

అలాగని ఆ పట్టికల్ని పారెయ్యకు. కులాల వారీగా పూర్తి అంకెలు చివరిసారి వచ్చింది 1931లో. మనవాళ్లు ఏ తాలూకాలో గుంపుగా ఉండేవారో, ఎక్కడ పదిమందే ఉండేవారో అందులో తెలుస్తుంది. ఆ పదిమంది ఉన్న చోట పిల్లనిచ్చి పుచ్చుకోవడం కుదరదు, బయటి తాలూకాకి వెళ్లాల్సిందే. వెతుకులాటకి అదొక దారి. భాష గడిని మాత్రం అనుమానంతో చూడు. 1924లో ఫిలిప్, డఫ్ అనే ఇద్దరు అధికారులు వచ్చి ఒడియావాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో విచారించారు. 1931లో ఓడొనెల్ కమిటీ విడిగా ఏర్పడబోయే ఒడిశాకి సరిహద్దు గీయడానికి కూర్చుంది. ఊరు అటు పోవాలా ఇటు ఉండాలా అన్నది ఆ అంకెల మీద తేలే రోజులవి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే మనలాంటి కుటుంబాన్ని ఏ గడిలో వేశారన్నది రాసినవాడి చేతిలో పని.

ఇక సరిహద్దు సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. అంతకుముందు బరంపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం అన్నీ మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా. గుణుపురం, రాయగడ, కొరాపుట్ విశాఖపట్నం ఏజెన్సీ కింద ఉండేవి. ఆ రోజు తర్వాత బరంపురం, పర్లాకిమిడి ఒడిశాలోకి పోయాయి, ఇచ్ఛాపురం, టెక్కలి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1992లో గజపతి, రాయగడ జిల్లాలు పుట్టాయి. మా ఊరి పక్కన మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రలోని పాతపట్నం. మా చిన్నప్పుడు సంతకి నడిచి వెళ్లొచ్చేవాళ్లం. ఆ రెండు ఊళ్ల రికార్డులకీ ఇప్పుడు రెండు రాజధానులు. అందుచేత నీ నోటుపుస్తకంలో ఊరి పేరు ఎప్పుడు రాసినా పక్కన సంవత్సరం, అప్పటి జిల్లా కూడా రాసుకో. ఇల్లు కదలకుండానే మన తాతగారు రెండు రాష్ట్రాల్లో బతికారు.

నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇది: కొడుకుల వెంట పడకు, కూతుళ్ల వెంట వెళ్లు. వంశం అనగానే అందరూ తండ్రి, తాత, ముత్తాత అని మగవాళ్ల వరసే పట్టుకుంటారు. భూమి కాగితాలు కూడా అదే వరసలో ఉంటాయి, కాబట్టి 1936 దగ్గరో, భూమి అమ్ముకున్న చోటో ఆ వరస తెగిపోతుంది. ఆడపిల్లని ఇచ్చిన ఇల్లు అవతలి రాష్ట్రంలో ఉంటుంది. మన కాగితం చెదపట్టినా వాళ్ల కాగితం బాగానే ఉండొచ్చు. మన తాతగారి పేరు మనింట్లో దొరకలేదంటే ఆయన చెల్లెలి అత్తవారింట్లో దొరుకుతుంది.

హిందువుల పెళ్లికి సర్కారు రిజిస్టరు ఉండేది కాదు. 1955 హిందూ వివాహ చట్టం 8వ సెక్షన్ కింద రిజిస్టరు చేయించుకోవచ్చన్నారు గానీ, మన ఊళ్లలో ఎవరు చేయించుకున్నారు? అందరూ చేయించుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది 2006లో. అంచేత అమ్మమ్మ, నానమ్మల కాలానికి మ్యారేజీ సర్టిఫికెట్టు వెతకడం దండగ. వెతకాల్సింది లగ్నపత్రిక, శుభలేఖ, అన్నిటికంటే ముఖ్యంగా చదివింపుల చిట్టా.

మీ అమ్మమ్మ పెళ్లి చిట్టా నా దగ్గరే ఉంది. పొడుగాటి ఖాతా పుస్తకం, పసుపు అంటిన మొదటి పేజీలో శ్రీకారం. ఎడమపక్క ఇచ్చినవారి పేరు, ఊరు, కుడిపక్క రూపాయలు, అణాలు. కొందరికి సొమ్ము బదులు 'పంచెల చాపు', 'రవికెల గుడ్డ' అని ఉంటుంది. అందులో పేర్లు ఎవరికి తోస్తే వాళ్లు వచ్చినట్టు రాసినవి కావు. ముందు మేనమామ, తర్వాత వియ్యాలవారు, ఆ తర్వాత దాయాదులు, చివర ఊరివాళ్లు. ఆ వరసే చుట్టరికాన్ని చెబుతుంది. మేనమామ స్థానంలో ఎవరి పేరుందో వాళ్ల ఊరికి వెళ్లు, పెళ్లికూతురి తల్లి పుట్టిల్లు అదే. ఇంకో సంగతి. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్నరైలు 1900లో వచ్చింది, 1931 నాటికి గుణుపురం దాకా పోయింది. మన చిట్టాలో ఊళ్లు వరసగా చూస్తే టెక్కలి, పాతపట్నం, కాశీనగరం, గుణుపురం. సంబంధాలు రైలు వెంటే నడిచాయి. మీ ఇంటి చిట్టాల్లో ఊళ్లని ఒక మ్యాపు మీద పెట్టి చూడు, రైలు లేనప్పుడు ఎంత దూరం పిల్లనిచ్చారో, వచ్చాక ఎంత దూరం ఇచ్చారో కనబడుతుంది.

తేదీ లేని కాగితాన్ని చూసి భయపడకు. అణాలు ఉంటే 1957కి ముందుదనుకో, కొందరు షావుకార్లు ఆ తర్వాత కూడా అలవాటు మానలేదనుకో. సంవత్సరం పేరు రాస్తే అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుందని మరిచిపోకు. ధాత అంటే 1936 కావచ్చు, 1876 కావచ్చు. ఫసలీ అంటే రెవెన్యూవాళ్ల సంవత్సరం, మన వైపు కాగితాల్లో దానికి 590 కలుపు, ఫసలీ 1346 అంటే 1936 జూలై నుంచి 1937 జూన్ దాకా. ఒడియా జాతకాల్లో, తాటాకుల్లో 'అంక' అని ఉంటే జాగ్రత్త. అది పూరీ గజపతి రాజు పాలన ఏళ్ల లెక్క, 6తోను సున్నాతోను ముగిసే అంకెల్ని (పది తప్ప) దాటేస్తారు, ఒకటిని కూడా వదిలేస్తారు. దాన్ని మామూలు అంకెలా కూడితే ఏళ్లు తప్పుతాయి.

పెళ్లి వయసులనీ అనుమానించు. ఆడపిల్లకి పద్నాలుగేళ్లు నిండందే పెళ్లి కూడదన్న శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వస్తుందనగానే దేశమంతా పసిపిల్లలకి తొందరతొందరగా మూడుముళ్లు వేయించేశారు. 1931 లెక్కల్లో ఆ పోటు కనిపించింది కూడా. చట్టం వచ్చాక కొందరు ఫ్రెంచివాళ్ల యానాం వెళ్లి చేసుకొచ్చారు, ఆ ఊరికి కల్యాణపురం అని పేరు పడింది అందుకే. కాబట్టి ఆ రోజుల నాటి కాగితంలో 'వధువు వయస్సు పదునాలుగు' అని ఉంటే, ఆవిడ పెద్దకొడుకు పుట్టిన ఏడుతో సరిచూసుకున్నాకే రాసుకో.

పురోహితుడు గారిని కలవాలి. ఆబ్దికంలో తండ్రి, తాత, ముత్తాత ముగ్గురి పేర్లూ గోత్రంతో చెబుతారు. తల్లి వైపు మాతామహులకీ తర్పణం వదులుతారు. ఏటా తద్దినం పెట్టే ఇంట్లో ఆ పేర్లు నోటికే వచ్చేస్తాయి. మూడు తరాలు దాటితే పాతపేరు జారిపోతుంది, కాబట్టి నువ్వు ఒకరిని అడిగితే చాలదు. మీ తాతగారి తమ్ముడి కొడుకుని అడిగితే ఒక మెట్టు పైకి వెళ్తావు. గయలో, కాశీలో తీర్థ పురోహితులు యాత్రికుల వంశాలు రాసుకునే పుస్తకాలు, బహీలు, ఊరి పేరు మీద, కులం మీద ఉంటాయి. అక్కడ ఇప్పటి ఊరు చెబితే లాభం లేదు, పూర్వీకుల ఊరు చెప్పాలి. ఇలాంటి తీర్థాల బహీలు కొన్ని ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైటులోకి ఎక్కాయి, ముందు అక్కడ ఒకసారి చూసుకుని బయల్దేరు.

నా సొంత వృత్తి గురించి కొంచెం ఎక్కువ చెప్పనీ, దస్తావేజు లేఖరిగా బతికినవాణ్ణి. రిజిస్ట్రారు ఆఫీసులో ఒకటో నంబరు పుస్తకం స్థిరాస్తులది. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. పేర్ల ఇండెక్సులో ఇంటిపేరు పట్టుకుని పో. మూడోది వీలునామాలు, దత్తత అధికారాలు. రాసినవారు బతికుండగా దాని నకలు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వరు, వాళ్లు పోయాక అడిగినవారికి ఇస్తారు. దస్తావేజులో 'ఫలానా వారి కుమారుడు, వ్యవసాయం, ఫలానా గ్రామ కాపురస్థుడు' దగ్గర ఆగిపోకు, అడుగున సాక్షుల్ని చదువు. సాక్షి చాలాసార్లు బావమరిదో మేనల్లుడో అయివుంటాడు. తర్వాత హద్దులు చదువు. 'తూర్పు: ఫలానా వారి జిరాయితీ', అంటే సొంత పట్టా భూమి, అని ఉన్నచోట ఇంటిపేరు మనదే అయితే, ఆ ఇద్దరి తాతా ఒకడే, మడి రెండు చెక్కలయిందని అర్థం. భాగపంపిణీ దస్తావేజు దొరికితే ఇక అన్నదమ్ములంతా ఒకే కాగితంలో ఉంటారు. ఆడపిల్లకి పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమిని నోటిమాటగా వదిలేసినవాళ్లే ఎక్కువ. రాయించినవాళ్లు కొందరున్నారు. అలా ఇచ్చేసినట్టు రాసిన దఖలు దస్తావేజులో అల్లుడి పేరు, ఊరు, వియ్యంకుడి పేరు కూడా ఉంటాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైన కాగితం అదే.

ఇటు ఒడిశా వైపు భూమి రికార్డు ఒడియాలో ఉంటుంది. భులేఖ్ వెబ్‌సైటులో జిల్లా, తహసీలు, ఊరు ఎంచుకుంటే రైతు పేరు మీద ఖతియాన్, అంటే హక్కుల పత్రం, వస్తుంది. పేరు, తండ్రి పేరు, జాతి, నివాసం ఉంటాయి. ఇప్పటిది 'హాల్', దానికి ముందుది 'సాబిక్'. సాబిక్ కావాలంటే తహసీల్ ఆఫీసు రికార్డు రూములో నకలుకి పెట్టుకోవాలి. ఒడియా లిపి నేర్చుకో, మనకి కష్టం కాదు. కాకపోతే మన పేర్లు అందులో వేషం మారుస్తాయి. వీరయ్య బీరయ్య అవుతాడు, వెంకటరావు బెంకట రావు అవుతాడు, అప్పారావు ఒక 'ప' పోగొట్టుకుని ఆపారావు అవుతాడు. ఇంటిపేరు చివరికి పోతుంది, లేదా పొడి అక్షరంగా మిగులుతుంది. 'రావు'నే ఇంటిపేరనుకుని స్కూల్లో రాసేశాక, మనవలందరూ రావులైపోయిన కుటుంబాలు బరంపురంలో బోలెడు. వాళ్లని నువ్వు వేరే వంశం అనుకుని వదిలేస్తావేమో.

ఒకే పేరు చూసి ఒకే మనిషి అనుకోకు. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లు మనవి. అప్పలస్వామి కొడుకు రామ్మూర్తి, వాడి కొడుకు మళ్లీ అప్పలస్వామి. భార్య పేరు, ఊరు కలిసేదాకా ఇద్దర్నీ విడిగానే ఉంచు. మేనరికాలున్నచోట కొమ్మలు మళ్లీ ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. కంప్యూటరు చెట్టు తప్పు చూపిస్తుందని కంగారుపడి ఎవర్నీ చెరిపెయ్యకు, నిజంగానే అక్క కూతుర్ని చేసుకున్నాడు. ఇల్లరికం వచ్చినవాళ్లని, దత్తు వెళ్లినవాళ్లని రెండు ఇళ్లలోనూ రాయి.

క్రైస్తవ శాఖ చుట్టాల పని మనకంటే సులువు. చర్చి రిజిస్టర్లలో బాప్తిస్మం, పెళ్లి, సమాధి మూడూ ఉంటాయి. 1872 చట్టం కింద పెళ్లి రాత తప్పనిసరి కూడా. ముస్లిం స్నేహితుల ఇళ్లలో ఖాజీగారి దగ్గర నికానామా అడగాలి. రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లినవాళ్ల సంగతి వేరే ఉత్తరం అవుతుంది. 1937 దాకా బర్మా ఇండియాలో భాగమే, 1942లో జపానువాళ్లు వచ్చాక చాలామంది కట్టుబట్టలతో నడిచొచ్చారు. 'రంగంలో పోయాడు' అని ఎవరైనా అంటే చనిపోయాడనో, అక్కడే కాపురం పెట్టాడనో తేల్చుకున్నాకే తేదీ వెయ్యి.

రెండో పెళ్లిళ్లు, దత్తతలు, మారుమనువులు బయటపడతాయి. బతికున్నవాళ్లకి తగిలే సంగతి అయితే నీ దగ్గరే ఉంచు, గ్రూపులో పెట్టకు. మీ పెద్దమ్మతో ముందు మాట్లాడు, ఆవిడకి ఆరోగ్యం బాలేదు, రికార్డు రూములు ఎక్కడికీ పోవు.

ఈసారి వస్తే భాద్రపదంలో మహాలయ పక్షంలో రా. ఆ పదిహేను రోజులూ పంతులుగారు ఊళ్లోనే ఉంటారు, తద్దినాల పేర్లు రాసుకున్న చిన్న పుస్తకం చేతిలోనే ఉంటుంది. గుణుపురం పిన్నిగారింటికి నేను కబురు పెడతాను, వాళ్ల అటక మీద ఒక ట్రంకుపెట్టె ఉంది. ఫోనులో ఫొటోలు తీసుకోవడానికి ఛార్జరు తెచ్చుకో, మధ్యాహ్నం కరెంటు ఉండదు.

ఇట్లు
మీ మావయ్య