నోటర్ డేమ్‌లో పీహెచ్‌డీ: ర్యాంకు కన్నా ముందు చూడవలసినవి

చిరంజీవి సౌజన్యకు,

పెదనాన్న ఆశీస్సులు. నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర పీహెచ్‌డీకి సీటు వచ్చిందని, ప్రపంచ ర్యాంకుల్లో దాని స్థానం చూసి నీ స్నేహితులు పెదవి విరుస్తున్నారని, పైగా అది చర్చివారి సంస్థ కావడంతో మీ అమ్మ బెంగపడుతోందని రాశావు. ఈ రెండూ వేరువేరు సందేహాలు కాబట్టి విడివిడిగానే చెబుతాను.

అంతకంటే ముందు ఒక చిన్న మాట. అమెరికాలో ఆ పేరు కలిసిన విద్యాసంస్థలు మరికొన్ని ఉన్నాయి. ఒహాయోలో ఉన్న నోటర్ డేమ్ కాలేజీ 2024లో మూతపడింది కూడా. బంధువుల్లో ఎవరైనా ఆ వార్త చూసి ఫోన్ చేస్తే కంగారుపడవద్దు. నీకు సీటు ఇచ్చినది ఇండియానా రాష్ట్రంలో, సౌత్ బెండ్ ఊరి పక్కన, హోలీ క్రాస్ అనే కాథలిక్ మతగురువుల సభకు చెందిన ఫాదర్ ఎడ్వర్డ్ సోరిన్ 1842లో స్థాపించిన విశ్వవిద్యాలయం.

ఇక ర్యాంకుల సంగతి. అమెరికాలో అందరూ చూసే యూఎస్ న్యూస్ జాబితాలో ఈ విశ్వవిద్యాలయం ఇరవయ్యో స్థానానికి అటూ ఇటూగా ఉంటుంది. ప్రపంచ జాబితాల్లో మాత్రం వందల స్థానాల కిందికి దిగిపోతుంది. ఈ తేడా చూసి ఏదో ఒకటి అబద్ధమని అనుకోనక్కరలేదు, ఎందుకంటే మొదటిది ప్రధానంగా డిగ్రీ చదువును కొలుస్తుంది, రెండో రకం జాబితాలు పరిశోధన పత్రాలు, వాటికి వచ్చే ఉల్లేఖనలు, ఇతర దేశాల ప్రొఫెసర్లలో ఉన్న పేరు వంటివాటికి ఎక్కువ బరువు ఇస్తాయి. నోటర్ డేమ్‌కు సొంత వైద్య కళాశాల లేదు. క్యాంపస్ పక్కన కనిపించే వైద్య కళాశాల ఇండియానా యూనివర్సిటీది. పెద్ద విశ్వవిద్యాలయాల్లో పత్రాలు, గ్రాంట్లు కుప్పలుగా వచ్చేది వైద్య విభాగాల నుంచే కనుక, అది లేని సంస్థ ఆ లెక్కల్లో వెనకబడటం సహజం. నువ్వు చేరబోయేది రసాయనశాస్త్రంలో. ఆ విభాగం ఎలాంటిదో ఈ రెండు రకాల ర్యాంకుల్లో ఏదీ నీకు చెప్పదు.

పరిశోధనా సంస్థగా దాని స్థాయి తెలియాలంటే నేను చూసేవి వేరే ఉన్నాయి. అమెరికా విద్యాసంస్థలను శ్రేణులుగా విభజించే కార్నెగీ వర్గీకరణలో అది ఆర్-వన్ అనే పరిశోధన శ్రేణిలో ఉంది, అంటే ఏడాదికి కనీసం 5 కోట్ల డాలర్ల పరిశోధన ఖర్చు, 70 పరిశోధన డాక్టరేట్లు ఉన్నట్టు. అయితే 2025 జాబితాలో ఆ శ్రేణిలో 187 సంస్థలు ఉన్నాయి కాబట్టి దాన్ని కనీస అర్హతగానే లెక్కించాలి. దానికన్నా బరువైనది, 2023లో అసోసియేషన్ ఆఫ్ అమెరికన్ యూనివర్సిటీస్ అనే, పేరున్న పరిశోధన విశ్వవిద్యాలయాల సంఘం దానికి సభ్యత్వం ఇవ్వడం. ఆ సంఘంలో ఆహ్వానం మీద తప్ప ఎవరూ చేరలేరు. 1900లో దాన్ని ప్రారంభించిన 14 సంస్థల్లో వాషింగ్టన్‌లోని కాథలిక్ యూనివర్సిటీ ఆఫ్ అమెరికా ఒకటి, కానీ అది 2002లో బయటికి వెళ్లిపోయింది. నోటర్ డేమ్ మాత్రం శతాబ్దానికి పైగా బయటే ఉండి ఆలస్యంగా లోపలికి వచ్చింది. అందుకే పాత తరం అమెరికన్లకు ఆ పేరు చెబితే ముందుగా ఫుట్‌బాల్ గుర్తుకు వస్తుంది, పరిశోధన కాదు.

మీ అమ్మ బెంగకు జవాబు విజయవాడలోనే ఉంది. 1953 నుంచి జెస్యూట్ ఫాదర్లు నడుపుతున్న ఆంధ్రా లయోలా కాలేజీకి మన ఇళ్ల పిల్లలు ఎందరు వెళ్లారో ఆమెకు తెలుసు. నోటర్ డేమ్‌లో డిగ్రీ విద్యార్థులు దైవశాస్త్రంలో కోర్సులు తప్పనిసరిగా చదవాలి. రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేసేవారికి ఆ నియమం లేదు, చేరడానికి మతమూ అడ్డు కాదు. 1952 నుంచి 1987 వరకు అధ్యక్షుడిగా ఉన్న ఫాదర్ థియొడోర్ హెస్‌బర్గ్ హయాంలోనే, 1967లో, సంస్థ యాజమాన్యం ఫాదర్ల సభ చేతుల నుంచి, మతగురువులు కాని గృహస్థులే ఎక్కువమంది ఉన్న ట్రస్టీల బోర్డుకు మారింది. అయినా చర్చి బోధన అసలు ఎక్కడా తగలదని చెప్పను. మానవ పిండాలతోనో, గర్భనిరోధక మందులతోనో ముడిపడిన అంశంపై పని చేయాలన్న ఆలోచన ఉంటే ముందుగానే గైడును సూటిగా అడుగు.

మతగురువుల సంస్థలో సైన్సు ఏం సాగుతుందిలే అనేవారికి ఒక్క పేరు చాలు. ఫాదర్ జూలియస్ న్యూలాండ్ అనే మతగురువు అక్కడే ఎసిటిలీన్ వాయువు చర్యలపై ఏళ్లకేళ్లు పని చేశాడు. 1920లలో ఆయన ఉపన్యాసం విన్న డ్యూపాంట్ కంపెనీవారు ఆ దారినే పోయి నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు తయారు చేశారు. ఆమ్లాలు ఒంపేటప్పుడు నువ్వు తొడుక్కునే ఆ మందపాటి నల్ల గ్లవుజులు ఆ పదార్థంతో చేసినవే అయి ఉంటాయి.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. నీకు నచ్చిన ముగ్గురు ప్రొఫెసర్ల ల్యాబ్ పేజీలు తెరిచి పూర్వ విద్యార్థుల జాబితా చూడు: పట్టా చేతికి రావడానికి ఒక్కొక్కరికి ఎన్నేళ్లు పట్టింది, ఎందరు మాస్టర్స్‌తోనే వెళ్లిపోయారు, ఆ తరువాత ఎక్కడ చేరారు అన్నది రాసుకో. గైడు గ్రాంటు ఎప్పటివరకు ఉందో, అది ఆగితే నీ స్టైపెండ్ టీచింగ్ అసిస్టెంట్‌షిప్ నుంచి వస్తుందో లేదో, వేసవి నెలల్లో ఎవరు చెల్లిస్తారో ఈమెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకో. గైడు అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే టెన్యూర్, అంటే ఉద్యోగం శాశ్వతం చేసే నిర్ణయం, ఏ సంవత్సరంలో ఉందో కూడా కనుక్కో, ఎందుకంటే అది రాకపోతే నీ పని మధ్యలో ఆయన వెళ్లిపోవచ్చు. గైడు స్వభావం గురించి మాత్రం ఈమెయిల్‌లో అడగవద్దు. ల్యాబ్‌లో ఉన్న సీనియర్‌తో ఫోన్‌లో మాట్లాడు, ఆ ప్రశ్నకు రాతలో ఎవరూ నిజం చెప్పరు.

ఊరు చిన్నది, మిషిగన్ సరస్సు మీది గాలికి మంచు బాగా పడుతుంది, షికాగోకు రైలు ఉంది. ఊరి గురించి అంతకంటే ఆలోచించనక్కరలేదు.

స్టైపెండ్‌తో ఇచ్చిన సీటుకు సాధారణంగా ఏప్రిల్ 15 వరకు గడువు ఉంటుంది. అంతకు ముందే జవాబు చెప్పమని ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోకు. ప్రొఫెసర్ల జవాబులు రాగానే నాకు పంపు, చదివి నా అభిప్రాయం రాస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న