పాముకు బల్లి ఏ వరస?

సందేహం: ఒక సైన్స్ వ్యాసాన్ని తెలుగు చేస్తూ, 'జన్యు డేటా ప్రకారం పాములు బల్లుల నుంచి పుట్టాయి. ఉడుములు, తొండలు వాటికి సోదరి వర్గం' అని రాశాను. 'జన్యు డేటా' దుష్టసమాసమా? ఇంగ్లీషు 'సిస్టర్ గ్రూప్'కు పెట్టిన 'సోదరి' ఎబ్బెట్టుగా ఉందని మా మిత్రుడు అంటున్నాడు. 'అక్కాచెల్లెళ్లు' అనాలా, 'దాయాదులు' అనాలా?

సమాధానం: 'జన్యు డేటా' గురించి టెన్షన్ పడకండి. రైలుబండి, ఓటుహక్కు హాయిగా నడుస్తున్న భాషలో ఇదీ నడుస్తుంది. 'దత్తాంశం' పరీక్షలకు చదివినవాళ్లకే తెలుస్తుంది. 'సమాచారం' అంటే ముందు కబురు అనే అర్థమే తోస్తుంది.

మీరు అడగని చోట అసలు చిక్కు ఉంది. అది 'బల్లులు'. ఇంగ్లీషు లిజర్డ్‌లో బల్లి, తొండ, ఉడుము, ఊసరవెల్లి, నలికిరి అన్నీ ఇముడుతాయి. తెలుగులో బల్లి అంటే గోడమీది బల్లే. ఉడుమును చూపించి బల్లి అంటే పిల్లలు కూడా నవ్వుతారు. జన్యువులు చెబుతున్నది చూస్తే ఈ అనువాదం ఇంకా అడ్డం తిరుగుతుంది. ఎముకలు, పుర్రెలు చూసి వరసలు కట్టినవాళ్లు తొండ, ఊసరవెల్లి ఉన్న గుంపే అందరికంటే ముందు విడిపోయిందనేవారు. 2005లో విడాల్, హెడ్జెస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కణ కేంద్రకంలోని 9 జన్యువులను పోల్చి చూస్తే లెక్క తిరగబడింది. ముందుగా విడిపోయినవాటిలో గోడబల్లి గుంపు ఉంది. తొండ, ఉడుము వచ్చి పాము పక్కన చేరాయి. ఉడుముకు పాములాగే చీలిన నాలుక ఉంది కాబట్టి దానిమీద ముందునుంచీ అనుమానం ఉండేది. ఆశ్చర్యమంతా తొండతోనే. ఎముకల పక్షంవాళ్లలో కొందరు ఇది ఒప్పుకోలేదు. అంచేత 'రుజువైంది' అని రాయకండి.

ఈ పోల్చే పద్ధతి తాటాకు ప్రతులతో పనిచేసినవాళ్లకు కొత్తేమీ కాదు. ఒక పద్యానికి అయిదు ప్రతులు దొరికాయనుకోండి. మూడింటిలో ఒకే పాదం ఎగిరిపోయి ఉంటే, ఆ మూడూ ఒకే మాతృక నుంచి దిగాయని ఊహిస్తాం. 'వ' ఉండాల్సిన చోట 'మ' ఉంటే మాత్రం నమ్మం. ఆ తప్పు ఏ లేఖకుడైనా విడిగా చేయగలడు. కాళ్లు పోవడం ఈ 'వ-మ' తప్పులాంటిది. పాములతో సంబంధం లేకుండా నలికిరి గుంపులో కూడా కొన్నింటికి కాళ్లు పోయాయి. జన్యువుల్లో ఉన్నవి ఏ, టీ, జీ, సీ అనే నాలుగే అక్షరాలు. పాము, తొండ, ఉడుముల్లో ఒకే చోట టీ ఉండి, బల్లి, నలికిరుల్లో అక్కడ సీ ఉన్నంత మాత్రాన తీర్పు చెప్పలేం, అది కాకతాళీయమూ కావచ్చు. అలాంటి చోట్లు వేలకొద్దీ చూడాలి.

ఇక వరస. 'అక్క' అన్నా 'చెల్లెలు' అన్నా తెలుగులో వయసు చెప్పేసినట్టే. ఒక కొమ్మ రెండుగా చీలితే రెండు పాయలూ ఒకేసారి మొదలవుతాయి, పెద్దాచిన్నా తేడా ఉండదు. 'దాయాది' తండ్రి వైపు మాట, పైగా ఆస్తి తగాదాల వాసన వేస్తుంది. పాముల చుట్టరికాలు తేల్చడానికి ఎక్కువగా వాడిన డేటాలో, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని డీఎన్ఏ ఒకటి. అది తల్లి నుంచి పిల్లలకు వస్తుంది. తల్లి తరపు సాక్ష్యంతో దాయాదులని తీర్పు చెప్పడం నాకైతే నవ్వొస్తుంది. 'సోదరి'లో వయసు గొడవ లేదు గానీ, మీ మిత్రుడన్నట్టు ఉడుము పక్కన అతకదు. 'తోబుట్టువు' వాడండి. కొన్నిచోట్ల ఆ మాటకు ఆడతోబుట్టువు అనే అర్థమే ఉంది. ఉన్నా నష్టం లేదు, ఇంగ్లీషులో ఉన్నదీ అదే.

'వర్గం' కూడా తీసేయండి. జంతుశాస్త్ర పాఠాల్లో ఫైలం అనే పెద్ద విభాగానికి ఆ మాట ఎప్పుడో ఖాయమైపోయింది. 'పుట్టాయి' అంటే నేటి ఉడుమే పాముకు తాత అనుకునే ప్రమాదం ఉంది. నేనైతే ఇలా రాస్తాను: 'జన్యు డేటాను బట్టి చూస్తే, పాములకు గోడబల్లి కంటే తొండలు, ఉడుములే దగ్గరి చుట్టాలు. ఆ రెండూ ఉన్న శాఖ పాములకు తోబుట్టువు.'