టీమ్‌తో మీటింగ్ పెడదామంటే టీమే లేదు!

ఆటల మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ మీదే. పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన పెద్దవాళ్లు కొందరు, అక్కడే పిల్లల్ని పెంచుతున్నవాళ్లు కొందరు, రాత్రుళ్లు నిద్ర మానుకుని ఫోన్లో మ్యాచ్‌లు చూసే కుర్రాళ్లు ఇంకొందరు. క్రికెట్ ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా, తిట్టుకోకండి.

ప్రశ్న: ముప్పై ఏళ్లు పీఈటీగా చేసి రిటైరయ్యాను. నార్త్ కరోలినాలో అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడల్లా అల్లుడితో కూర్చుని కాలేజీ బాస్కెట్‌బాల్ చూస్తుంటాను. పెద్ద పెద్ద కోచ్‌లంతా వరసగా తప్పుకుంటున్నారని, కుర్రాళ్లకి డబ్బులివ్వడం మొదలుపెట్టాకే ఇలా అయిందని అతనంటాడు. వాళ్లకి డబ్బిస్తే కోచ్‌కి పోయేదేముంది?
(ఒక రిటైర్డ్ పీఈటీ, మచిలీపట్నం)

జవాబు: మాస్టారూ, మీ అల్లుడు చెప్పింది సగం నిజం. 2021 ఏప్రిల్లో నార్త్ కరోలినా కోచ్ రాయ్ విలియమ్స్, 2022లో డ్యూక్‌లో 42 ఏళ్లు చేసిన మైక్ షెషెవ్‌స్కీ, అదే ఏడాది ఏప్రిల్లో విలనోవాకి రెండు జాతీయ టైటిళ్లు తెచ్చిన జే రైట్, 2023లో సిరక్యూస్‌లో 47 సీజన్లు చేసిన జిమ్ బేహైమ్. వీళ్లందర్నీ ఒకే గాటన కట్టకూడదు, బేహైమ్‌కి అప్పటికే 78 ఏళ్లు, ఎవరైనా ఏదో ఒకరోజు ఇంటికి వెళ్లాల్సిందే కదా. అసలు సంగతి తెలియాలంటే తర్వాత వెళ్లిన ఇద్దర్ని చూడాలి.

మొదటాయన వర్జీనియా కోచ్ టోనీ బెనెట్. 2019లో టైటిల్ గెలిపించాడు. 2024 అక్టోబర్ 18న, సీజన్ మొదలవడానికి మూడు వారాలు కూడా లేకుండా, 55 ఏళ్ల వయసులో తప్పుకున్నాడు. ఇప్పుడున్న ఈ వాతావరణంలో ఈ పని చేయడానికి సరిపోయే మనిషిని నేను కాదని ఒప్పేసుకున్నాడు. ఆటగాళ్లకి డబ్బు రావడం న్యాయమేనని, తన మాటని అపార్థం చేసుకోవద్దని కూడా ఆ ప్రెస్‌మీట్లోనే చెప్పాడు. మన పేపర్ల దాకా వచ్చేసరికి ఈ రెండో ముక్క ఎక్కడో రాలిపోయింది.

రెండో ఆయన మయామీ కోచ్ జిమ్ లారన్యాగా, 75 ఏళ్లు. 2023లో టీమ్‌ని ఫైనల్ ఫోర్ దాకా, అంటే సెమీఫైనల్స్ దాకా తీసుకెళ్లాడు. తిరిగొచ్చి కుర్రాళ్లతో కూర్చుంటే ఎనిమిది మంది ట్రాన్స్‌ఫర్‌కి పేరిచ్చేస్తామన్నారట. ఇక్కడ నచ్చలేదా అని అడిగితే, చాలా బావుంది సార్, కానీ ఇంకోచోట డబ్బు ఎక్కువొస్తుంది అన్నారట. 2024 డిసెంబర్లో సీజన్ సగంలో ఉండగానే ఆయన దిగిపోయి ఈ కథంతా బయటపెట్టాడు.

2021లో మూడు నెలల తేడాతో రెండు తలుపులు తెరుచుకున్నాయి మాస్టారూ. అంతకుముందు కాలేజీ మారిన కుర్రాడు ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. ఏప్రిల్లో ఎన్‌సీఏఏ, అంటే అక్కడి కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ, ఒకసారికి ఆ షరతు ఎత్తేసింది. జులై 1 నుంచి ఎన్ఐఎల్ వచ్చింది, అంటే తన పేరు, ఫొటో వాడుకోనిచ్చి డబ్బు తీసుకునే హక్కు. ఏదో ఒకటే వచ్చుంటే సర్దుకునేవాళ్లేమో. రెండూ కలిసేసరికి ఏటా సంత. 2024లో ఎన్నిసార్లు మారినా కూర్చోనక్కర్లేదన్నారు, ఇక సంతకి గేటు కూడా లేదు.

కోచ్‌కి పోయింది డబ్బు కాదు, టైమ్. బెనెట్ టీమ్‌లో డియాండ్రే హంటర్ అని ఒక కుర్రాడుండేవాడు. మొదటి ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, ప్రాక్టీస్ చేస్తూ, బరువు పెంచుకుంటూ, బెనెట్ వాళ్ల నాన్న కనిపెట్టిన డిఫెన్స్‌ని (అది ఒంటబట్టడానికి నిజంగానే ఏడాది పడుతుంది) నేర్చుకుంటూ గడిపాడు. 2019 ఫైనల్లో 27 పాయింట్లు కొట్టాడు, ఆ ఏడే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు కొత్త కుర్రాళ్లని వరసగా ఎంచుకునే చోట, నాలుగోవాడిగా వెళ్లాడు. ఇప్పుడైతే ఆ బెంచి ఏడాది పూర్తయ్యేలోపే అలాంటివాడికి నాలుగు చోట్ల నుంచి ఫోన్లొస్తాయి. మీరు స్కూల్లో బక్కపలచటి ఎనిమిదో క్లాసు పిల్లాణ్ని పట్టుకుని పదో క్లాసుకొచ్చేసరికి జిల్లా టీమ్‌లో నిలబెట్టి ఉంటారు, మధ్యలో తొమ్మిదో క్లాసు అనేదే లేకపోతే ఏం చేసేవారు?

ప్రశ్న: కోచ్‌లు కోట్లకి కోట్లు తీసుకుంటారు, కాంట్రాక్ట్ మధ్యలో వేరే కాలేజీకి చెక్కేస్తారు. అదే పని కుర్రాడు చేస్తే విశ్వాసం లేదంటారు. ఇది డబుల్ గేమ్ కాదా అన్నా?
(బీటెక్ మూడో సంవత్సరం, వరంగల్)

జవాబు: ముమ్మాటికీ డబుల్ గేమే తమ్ముడూ. జాన్ కాలిపారినే చూడు. 2019లో కెంటకీ యూనివర్సిటీ ఆయనకి పదేళ్లకి 8.6 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చింది, జీవితాంతం మా దగ్గరే ఉంటాడన్నట్టు అప్పట్లో పెద్ద హడావుడి. అయిదేళ్లయ్యేసరికి 2024 ఏప్రిల్లో ఆర్కన్సాకి వెళ్లిపోయాడు. ఆయన ఒక్కరోజు కూడా బెంచి మీద కూర్చోలేదు. పాత రూల్ ఉన్నన్నాళ్లూ ఏడాది కూర్చోవాల్సింది ఆ కోచ్‌ని నమ్ముకుని వచ్చిన కుర్రాడే. టికెట్లు, టీవీ హక్కులు, బూట్ల కంపెనీల డబ్బు అందరికీ పంచారు, చెమట కార్చినవాడికి మాత్రం ట్యూషన్ ఫీజు, హాస్టలు, భోజనం. అమెరికా సుప్రీంకోర్టు 2021 జూన్లో తొమ్మిది మంది జడ్జీలూ ఒక్క మాట మీద నిలబడి ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చారంటే ఊరికే కాదు.

అయితే అందర్నీ ఒకే తాడుతో కట్టేయకు. పైన చెప్పిన బెనెట్ టైటిల్ గెలిచాక యూనివర్సిటీ జీతం పెంచుతానంటే వద్దన్నాడు, ఆ డబ్బు తన కింద పనిచేసేవాళ్లకివ్వమన్నాడు.

కాలిపారి సంగతి పూర్తి చేయనీ, తమాషాగా ఉంటుంది. ఆర్కన్సాలో మొదటి ప్రెస్‌మీట్‌కి వచ్చి, ఇవాళ టీమ్‌తో మీటింగ్ పెట్టాను, టీమే లేదు అన్నాడు. హాలంతా నవ్వులు. కానీ అది జోక్ కాదు, పాత కోచ్‌తో పాటే దాదాపు అందరూ సర్దుకుని వెళ్లిపోయారు. అటు ఆయన వదిలొచ్చిన కెంటకీలో కొత్త కోచ్ మార్క్ పోప్‌దీ అదే గతి, స్కాలర్‌షిప్ మీద ఆడేవాళ్లలో ఒక్కడూ మిగల్లేదు. ఇద్దరూ ఖాళీ గదితో మొదలుపెట్టి 2025 మార్చిలో జరిగిన జాతీయ టోర్నీలో ఇద్దరూ చివరి 16 జట్లలోకి వచ్చారు. కాలిపారి అక్కడికి రావడానికి ఓడించింది ఎవర్నో తెలుసా? తనకంటే పెద్దవాడైన రిక్ పిటీనోని. డెబ్బై దాటిన పిటీనో ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌ని (కాలేజీ మారాలనుకునే కుర్రాళ్లు పేరిచ్చే జాబితా అది) తిడుతూ కూర్చోకుండా దాన్నే వాడుకుని, పక్క కాలేజీ సీటన్ హాల్ నుంచే కడారీ రిచ్‌మండ్‌ని లాక్కొచ్చి, సెయింట్ జాన్స్‌ని ఆ ఏడాది బిగ్ ఈస్ట్ అనే కాలేజీల లీగ్‌లో చాంపియన్ చేశాడు. కాబట్టి ముసలివాళ్లకి చేతకావడం లేదనే మాట తప్పు. ఒళ్లు వంగినవాళ్లకి అవుతోంది.

ప్రశ్న: మార్చి నెలలో జరిగే జాతీయ టోర్నీలో ఎవరికీ తెలియని చిన్న కాలేజీ వచ్చి కొమ్ములు తిరిగినవాణ్ని ఓడించడం కోసమే నేను ఈ ఆట చూసేవాణ్ని. ఈమధ్య అవి కనబడటం లేదేంటి?
(జూనియర్ కాలేజీ లెక్చరర్, గుంటూరు)

జవాబు: మీ వృత్తిలోనే ఉంది సార్ జవాబు. పల్లెటూరి హైస్కూల్లో ఒక లెక్కల మాస్టారు ఒకడికి చాక్పీస్ అరిగేదాకా నేర్పిస్తాడు. వాడికి పదో తరగతిలో మంచి మార్కులొస్తాయి. రిజల్ట్ వచ్చిన సాయంత్రమే ఒక కార్పొరేట్ కాలేజీ పీఆర్వో బండేసుకుని ఇంటికొస్తాడు, ఫీజు వద్దు, హాస్టల్ ఫ్రీ అంటాడు. రెండేళ్లయ్యాక వాడి ఫొటో హోర్డింగ్ మీద ఉంటుంది, ఆ మాస్టారి పేరు ఎక్కడా ఉండదు. (మా నాన్నగారు అలాంటి మాస్టారే, అందుకే ఇక్కడ నాకు కాస్త గొంతు పెరుగుతుంది.)

2022లో న్యూజెర్సీలోని సెయింట్ పీటర్స్ అనే బుల్లి కాలేజీ 15వ సీడ్‌గా (టోర్నీలో నాలుగు గ్రూపులు, ఒక్కో దాంట్లో బలాన్ని బట్టి 1 నుంచి 16 దాకా నంబర్లు) దిగి కెంటకీని, ముర్రే స్టేట్‌ని, పర్డూని వరసగా ఓడించి చివరి 8 జట్లలోకి వచ్చింది. 15వ సీడ్ అంతదూరం రావడం అదే మొదటిసారి. తర్వాత ఏమైంది? ముందు కోచ్ షహీన్ హాలోవే తను చదువుకున్న సీటన్ హాల్‌కి వెళ్లాడు, ఆ వెనకే ఆ టీమ్‌లో ముఖ్యులంతా తలో దిక్కుకీ చెదిరిపోయారు. ఇక 2025లో చివరి 16 జట్లూ నాలుగంటే నాలుగు పెద్ద కాన్ఫరెన్స్‌లవే, అంటే కాలేజీల లీగ్‌లవే, ఎస్ఈసీ అనే ఒక్కదాని నుంచే ఏడు. చిన్న కాలేజీ ఒక్కటీ లేదు. చివరి నాలుగు జట్లూ నాలుగు నంబర్ వన్ సీడ్లు, 2008 తర్వాత అలా జరగడం అదే.

చిన్న కాలేజీల్లో మంచి కుర్రాళ్లు లేకపోవడం కాదు సార్. ఉన్నారు, రెండో ఏడాదికి పెద్ద కాలేజీలో ఉన్నారు. ఆ ఏడాది కప్పు కొట్టిన ఫ్లోరిడా హీరో వాల్టర్ క్లేటన్ కూడా ఐయోనా అనే చిన్న కాలేజీలో పిటీనో దగ్గర మొదలైనవాడే. ఆ కుర్రాడికి మంచే జరిగింది, కాదనను.

ప్రశ్న: మొత్తమ్మీద ఇది మన ఐపీఎల్ వేలం లాంటిదేగా, ఇంత గొడవెందుకు?
(ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: ఐపీఎల్ నయం. అక్కడ వేలానికి ఒక తారీకు ఉంటుంది, ఎవరు ఎంతకి కొన్నారో బోర్డు మీద కనబడుతుంది, నచ్చినవాణ్ని రిటెయిన్ చేసుకునే దారుంది. ఇక్కడ 2025లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌ని మార్చి 24న తెరిచారు, అంటే టోర్నీలో ఇంకా 16 జట్లు ఆడుతుండగా! సెమీఫైనల్ మధ్యలో వేలం పెట్టినట్టు. మిషిగన్ స్టేట్‌లో 1995 నుంచి పాతుకుపోయిన టామ్ ఇజో లాంటివాళ్లకి ఒళ్లు మండింది ఇక్కడే, ఉన్న టీమ్‌ని ఆడించాలా, వచ్చే ఏడాది టీమ్‌ని కొనాలా అని. 2025 జూన్లో కోర్టు ఒప్పుకున్న సెటిల్‌మెంట్ ప్రకారం కాలేజీ నేరుగా ఆటగాళ్లకి డబ్బు పంచొచ్చు, 2025-26లో అయితే 2.05 కోట్ల డాలర్ల దాకా, కానీ అది అన్ని ఆటలకీ కలిపి, అందులో ఫుట్‌బాల్‌దే సింహభాగం. దానికి తోడు బయట ఎన్ఐఎల్ డబ్బు వేరే. ఈ ఎన్ఐఎల్ లెక్కలు చూడటానికే డ్యూక్ 2022లోనే, కోచ్‌తో పాటు జనరల్ మేనేజర్ అని ఒక కొత్త కుర్చీ వేసింది.

ప్రశ్న: హెచ్-1బీ మీద ఉన్నాం. మా వాడికి పదహారేళ్లు, ఆరడుగుల ఒక అంగుళం, హైస్కూల్ టీమ్‌లో గార్డ్. బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్‌తో కాలేజీ అయిపోతుందని వాడి ధీమా, వాళ్లమ్మకి టెన్షన్. ఏం చెప్పమంటారు?
(ఒక తండ్రి, డాలస్)

జవాబు: వదినగారి టెన్షన్ వైపే నేను. ఇదివరకు కోచ్ హైస్కూల్ జిమ్ముల చుట్టూ తిరిగి పదహారేళ్ల వాణ్ని వెతికేవాడు. ఇప్పుడు ఇరవై మూడేళ్లవాడు, మూడు సీజన్లు ఆడినవాడు, పోర్టల్లో రెడీగా దొరుకుతుంటే పదిహేడేళ్ల వాడి మీద రెండేళ్లు ఎవరు పెడతారు? 2025లో పోర్టల్లోకి వచ్చినవాళ్లే రెండు వేలకి పైన. డివిజన్ వన్‌లో, అంటే కాలేజీ ఆటల పై అంచెలో, ఉన్నవి దాదాపు 360 జట్లు. మీ వాడికంటే ముందు క్యూలో ఎవరున్నారో చూశారుగా. కింది అంచె అయిన డివిజన్ త్రీలో మంచి చదువుల కాలేజీలున్నాయి, ఆటకని స్కాలర్‌షిప్ ఇవ్వరు గానీ ఆడనిస్తారు, అది చిన్నచూపు చూడాల్సిందేమీ కాదు.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. హెచ్-4 మీద ఉన్న పిల్లాడికి పని చేసే పర్మిషన్ ఉండదు, ఇరవై ఒకటి నిండేలోపు ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) లాంటి ఇంకో స్టేటస్‌కి మారాల్సిందే, ఎఫ్-1 మీద కూడా బయట ప్రకటనలకి డబ్బు తీసుకోవడం స్టేటస్‌కే ముప్పు. కాంగో నుంచి వచ్చిన ఆస్కార్ షీబ్వే కెంటకీలో స్టార్‌గా ఉండి కూడా అమెరికా గడ్డ మీద ఆ పని చేయలేక, 2022లో టీమ్ బహామాస్ వెళ్లినప్పుడు అక్కడ షూటింగులు చేసుకోవాల్సి వచ్చింది. లోకల్ రెస్టారెంట్ వాళ్లు వచ్చి మీ వాడితో రీల్ చేయిస్తామన్నా సరే, ఇమిగ్రేషన్ లాయర్ని అడగకుండా సంతకం పెట్టనివ్వకండి.

ప్రశ్న: పాత పద్ధతిలో, కుర్రాణ్ని పట్టుకుని పెంచే కోచ్ ఒక్కడైనా మిగిలాడా?
(ఒక పాఠకురాలు, రాజమండ్రి)

జవాబు: ఉన్నాడమ్మా. పర్డూలో మ్యాట్ పెయింటర్. ఆయన దగ్గరికి కెనడా నుంచి జాక్ ఈడీ అని ఏడడుగుల నాలుగంగుళాల కుర్రాడొచ్చాడు, అప్పటికి బాస్కెట్‌బాల్ పట్టుకుని ఎన్నో ఏళ్లు కాలేదు, హైస్కూల్ ర్యాంకుల్లో నాలుగు వందల అవతల ఎక్కడో ఉన్నాడు. మొదటి ఏడాది బెంచి మీంచి వచ్చి ఆడాడు. రెండో ఏడాది సగం టైమ్ ఇంకొకడితో పంచుకున్నాడు. మూడో ఏడాది దేశంలోనే ఉత్తమ ఆటగాడు, నాలుగో ఏడాదీ అతనే. ఎఫ్-1 కుర్రాడే, డబ్బు విషయంలో షీబ్వేకున్న చిక్కే ఇతనికీ.

ఇంకో ముచ్చట చెప్తాను. 2025 దాకా పురుషుల టోర్నీలో నంబర్ వన్ సీడ్ 16వ సీడ్ చేతిలో ఓడిపోయింది రెండే సార్లు. 2018లో బెనెట్ వర్జీనియా, యూఎంబీసీ అనే కాలేజీ చేతిలో 20 పాయింట్ల తేడాతో. 2023లో పెయింటర్ పర్డూ, ఫెయిర్‌లీ డికిన్సన్ చేతిలో. దేశమంతా నవ్వింది. ఆ అవమానం పడ్డవాళ్లలో ముఖ్యమైనవాళ్లు ఎక్కడికీ పోకుండా మళ్లీ అదే జిమ్‌కి వచ్చారు, మరుసటి ఏడాది వర్జీనియా కప్పు గెలిచింది, పర్డూ ఫైనల్ ఆడి ఓడింది.