న్యాయ సలహా: ఇంటి ముందు పెట్టిన సైకిల్ పోతే

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంటర్ చదివే మా అబ్బాయికి రెండేళ్ల కిందట 14,500 రూపాయలు పెట్టి గేర్ల సైకిల్ కొన్నాం. రాత్రి గేటు బయట గోడకు ఆనించి, వెనక చక్రానికి తాళం వేసి పెట్టాం, తెల్లారేసరికి లేదు. ఎవరో యువకుడు తాళం జోలికి పోకుండా వెనక చక్రాన్ని చేత్తో పైకెత్తి, ముందు చక్రం మీద నడిపించుకుంటూ పట్టుకుపోవడం ఎదురింటివారి సీసీ కెమెరాలో కనిపించింది. పోలీస్ స్టేషన్‌కు వెళితే ‘సైకిలే కదమ్మా, దొరికితే కబురు చేస్తాం’ అని చెప్పి, సైకిల్ కనిపించడం లేదనీ, విలువ నాలుగు వేలనీ ఒక కాగితం రాయించుకున్నారు. రసీదు ఇవ్వలేదు. ఇప్పుడు అదే సైకిల్‌ను పక్క కాలనీలోని ఒక రిపేరు షాపులో చూశానని మా అబ్బాయి అంటున్నాడు. మేమే వెళ్లి తెచ్చుకోవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసిచ్చిన కాగితంలో మీకు ఎక్కువ నష్టం చేసేది ఆ నాలుగు వేలు అన్న అంకె. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనానికి శిక్ష చెప్పేది 303వ సెక్షన్. మామూలు దొంగతనానికి దాని కింద మూడేళ్ల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. అయితే పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉంటే అది నాన్ కాగ్నిజబుల్ నేరం అవుతుంది, అంటే మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి వీలుండదు. అయిదు వేలు, ఆపైన ఉంటే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి దర్యాప్తు చేయడం వారి విధి. పాత భారతీయ శిక్షాస్మృతిలో ఈ అయిదు వేల గీత లేదు కాబట్టి దీని సంగతి చాలామందికి ఇంకా తెలియదు. రెండేళ్లు వాడినా 14,500 రూపాయల సైకిల్ విలువ నాలుగు వేలకు పడిపోయిందనడం సబబు కాదు. అలాగని ఇప్పుడు కొత్తది కొనాలంటే ఎంతవుతుందో ఆ ధర వేయకండి. పోయిన నాటికి దానికి ఎంత పలుకుతుందో నిజాయితీగా అంచనా వేసి రాయండి.

కాబట్టి మళ్లీ వెళ్లి వేరే ఫిర్యాదు ఇవ్వండి. అందులో ‘కనిపించడం లేదు’ అన్న మాటకు బదులు దొంగిలించారని స్పష్టంగా రాసి, తేదీ, సమయం, సైకిల్ కంపెనీ, రంగు, ఫ్రేమ్ నంబరు, విలువ వేసి, బిల్లు నకలు జతచేయండి. బిల్లు పారేసి ఉంటే కొన్న దుకాణంలోనో, ఫోన్‌పే, గూగుల్‌పే చెల్లింపుల చరిత్రలోనో ఆనవాలు దొరుకుతుంది. కేసుల నమోదు, దర్యాప్తు పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదును ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ పంపవచ్చు గానీ, మూడు రోజుల్లోగా వెళ్లి దానిపై సంతకం చేయాలి. స్టేషన్‌లో నమోదు చేయడానికి నిరాకరిస్తే అదే సమాచారాన్ని రాతపూర్వకంగా పోస్టులో జిల్లా ఎస్పీకి, మీది కమిషనరేట్ పరిధి కాబట్టి డీసీపీకి, పంపండి. అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. పోస్టు రసీదు దాచుకోవడం మరువకండి, సగం గొడవలు ఆ చిన్న చీటీతోనే తీరుతాయి.

కెమెరా దృశ్యాల విషయంలో ఆలస్యం చేయకూడదు. ఇళ్లలో పెట్టుకునే కెమెరాల రికార్డరు నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కిస్తుంది. ఎదురింటివారిని అడిగి, ఫోన్‌తో తెరను వీడియో తీసుకోవడంతో సరిపెట్టకుండా, అసలు ఫైలునే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. కోర్టులో అది సాక్ష్యంగా నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. దానిని దర్యాప్తు అధికారి చూసుకుంటారు. ఫైలు అప్పటిదాకా చెరిగిపోకుండా ఉండాలన్నదే మీ జాగ్రత్త.

ఇక రిపేరు షాపు సంగతి. దొంగ దగ్గర కొన్నవాడికి ఆ సరుకు మీద హక్కు రాదు. అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి సంక్రమించదని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. షాపు యజమాని తెలియక డబ్బిచ్చి కొన్నాడనుకున్నా సైకిల్ మీదే. దొంగసొత్తని తెలిసిగానీ, తెలుసుకోదగ్గ కారణం ఉండిగానీ కొంటే న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద అతను కూడా నేరస్థుడే. మార్కెట్ ధరలో పావు వంతుకు, బిల్లు లేకుండా, ముక్కూ మొహం తెలియని వాడి దగ్గర కొన్నానని చెబితే కోర్టు నమ్మడం కష్టమే.

ఇంత హక్కు ఉన్నా మీ అబ్బాయిని మాత్రం అక్కడికి పంపకండి. సైకిల్ రంగు మారి ఉండవచ్చు, మరొకరి సైకిలే అయి ఉండవచ్చు, లేదా యజమాని ఎదురు తిరిగి దౌర్జన్యం చేశారని మీ మీదే ఫిర్యాదు పెట్టవచ్చు. ఎవరూ గమనించకుండా ఫ్రేమ్ నంబరు చూడగలిగితే చూసి, ఆ వివరం స్టేషన్‌లో చెప్పండి. పోలీసులు వెళ్లి పంచనామా రాసి స్వాధీనం చేసుకుంటేనే దొంగతనం జరిగిందనడానికి ఆధారం నిలుస్తుంది. మీరే పట్టుకొస్తే సైకిల్ ఇంటికి వస్తుంది, కేసు నీరుగారుతుంది.

స్వాధీనమయ్యాక సైకిల్ స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పు పట్టాల్సిన అవసరం లేదు. నాగరిక సురక్షా సంహిత 497, 503 సెక్షన్ల కింద మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు చేసుకుంటే, పూచీకత్తు తీసుకుని కేసు నడుస్తుండగానే మీకు అప్పగిస్తారు. పట్టుబడిన వాహనాలను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచరాదని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది.

ప్రశ్న: తెనాలిలో ఒక పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాను. తెల్లవారుజామున పేపర్లు వేస్తాను. మెట్ల కింద పెట్టిన పాత సైకిల్ ఎత్తుకుపోయారు. అమ్మితే రెండు వేలు కూడా రాదు. చట్టంలో నాకు దారి లేదా? – ఒక పాఠకుడు

జవాబు: ఉంది. పై జవాబులో చెప్పిన అయిదు వేల గీత 303వ సెక్షన్‌కు సంబంధించినది. మనుషులు నివసించే కట్టడంలో జరిగిన దొంగతనానికి 305వ సెక్షన్ వేరుగా ఉంది. దాని కింద ఏడేళ్ల వరకు శిక్ష పడుతుంది, సొత్తు విలువ ఎంతన్న లెక్క అక్కడ లేదు, పోలీసులు నేరుగా దర్యాప్తు చేయవచ్చు. మెట్ల కింది చోటు ఇంటి కట్టడంలో భాగమేనని వాదించడానికి మీకు మంచి ఆస్కారం ఉంది. అందువల్ల ఫిర్యాదులో ‘ఇంటి బయట’ అని రాయకుండా, ఏ గోడలోపల, ఏ గేటు దాటాక, ఏ కప్పు కింద ఉందో ఉన్నదున్నట్టు రాయండి.

పోలీసులు అంగీకరించక 303 కిందే చూసినా ఫిర్యాదు మానవద్దు. నాన్ కాగ్నిజబుల్ నేరమైనా ఆ సమాచారాన్ని స్టేషన్ పుస్తకంలో నమోదు చేసి, మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరికి పంపాలని నాగరిక సురక్షా సంహిత 174వ సెక్షన్ చెబుతోంది. ఆ నమోదు నంబరు అడిగి రాసుకోండి. సైకిళ్ల దొంగలు ఒక్కదానితో ఆగరు. ఏదో ఒకనాడు పది సైకిళ్లతో పట్టుబడినప్పుడు, ముందే నమోదు చేయించుకున్నవారికే తమది ఫలానా అని చెప్పుకునే వీలుంటుంది. అంత తక్కువ విలువ దొంగతనంలో మొదటిసారి దోషిగా తేలినవాడు సొత్తును గానీ దాని విలువను గానీ తిరిగి ఇచ్చేస్తే, 303 కింద అతనికి సమాజసేవ శిక్షగా వేస్తారు; అంటే మీ రెండు వేలు మీకు తిరిగి రావడానికి ఆ సెక్షన్‌లోనే ఒక దారి ఉంది.

అయినా ఈ గీత నాకు నచ్చదు. సరదాకు తొక్కే ముప్పై వేల సైకిల్ పోతే పోలీసులు కదలాలి, నాలుగు గంటలకే లేచి పేపర్లు వేసే మనిషి బతుకుతెరువు పోతే కోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకోవాలి అంటే, నష్టాన్ని అంగడి ధరతో మాత్రమే తూచినట్టు అవుతుంది.

ప్రశ్న: సైకిల్‌కు బీమా ఉంటుందా? ఏ తాళం మేలు? – మరొక పాఠకుడు

జవాబు: ఇంటి సామాను మొత్తానికి తీసుకునే హౌస్‌హోల్డర్స్ పాలసీలలో సైకిళ్లకు ప్రత్యేక భాగం ఉండేవి ఉన్నాయి. దానిని విడిగా ఎంచుకున్నారో లేదో, తాళం వేయకుండా బయట వదిలితే వర్తిస్తుందో లేదో పాలసీ పత్రంలో చూసుకోండి. క్లెయిముకు సాధారణంగా ఎఫ్‌ఐఆర్ ప్రతి అడుగుతారు.

వెనక చక్రానికి బిగించి ఉండే తాళం చక్రం తిరగకుండా ఆపుతుందే తప్ప సైకిల్‌ను ఎత్తుకుపోకుండా ఆపలేదు. సన్నటి కేబుల్ తాళం చిన్న కట్టర్‌తో తెగుతుంది. లావుపాటి గొలుసుతో గానీ, యూ ఆకారపు ఉక్కు తాళంతో గానీ ఫ్రేమ్‌నూ, ఒక చక్రాన్నీ కలిపి కిటికీ ఊచకో, స్తంభానికో కట్టేయండి. ముందు చక్రం మాత్రమే కడితే, మీట తిప్పి ఊడదీసే రకమైతే, పొద్దున్నే అక్కడ ఆ చక్రమొక్కటే మిగులుతుంది. మోటారు వాహనాల చట్టం పెడల్ సైకిళ్లకు వర్తించదు కాబట్టి వాటికి నంబరు ప్లేటు ఉండదు. ఒకప్పుడు పురపాలక సంఘాలు ఇచ్చిన పన్ను బిళ్లలు కూడా ఇప్పుడు లేవు. మిగిలిన ఏకైక గుర్తు ఫ్రేమ్ నంబరు. సైకిల్‌ను తలకిందులుగా నిలబెడితే పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం అడుగున, లేదంటే సీటు కింది గొట్టం మీద చెక్కి ఉంటుంది. మురికి తుడిచి ఫోటో తీసి, బిల్లు ఫోటోతో పాటు ఇంట్లో మరొకరి ఫోన్‌కు కూడా పంపి ఉంచండి.