జీఎస్టీ ఆర్డరు ఆలస్యంగా చూస్తే?

ప్రశ్న: మాది పాలకొల్లులో కొబ్బరి పీచు వ్యాపారం. రూ.4 లక్షల పన్ను కట్టమన్న జీఎస్టీ ఆర్డరు జూన్ 10నే పోర్టల్లో పెట్టారట. సెప్టెంబరు 20న చూశాను. గడువు పోయినట్టేనా?
– ఓ పాఠకుడు

జవాబు: పూర్తిగా పోలేదండీ. జీఎస్టీ చట్టం సెక్షన్ 107 ప్రకారం ఆర్డరు అందిన నాటి నుంచి మూడు నెలల్లో అప్పీలు వేయాలి. జూన్ 10నే అందిందనుకున్నా, తగిన కారణం చూపితే మరో నెల, అంటే అక్టోబరు 10 దాకా, అప్పీలు అధికారి ఆలస్యాన్ని మన్నించవచ్చు. ఆ తర్వాత మన్నించే అధికారం ఆయనకూ లేదు. వెంటనే ఏపీఎల్-01 అనే అప్పీలు ఫారం వేసి, ఆలస్యానికి కారణం రాసి జతపరచండి. వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం, అంటే రూ.40 వేలు, ముందే కట్టాలి. వడ్డీ, జరిమానాలను ఈ లెక్కలో కలపక్కర్లేదు. అది కట్టాక మిగతా బాకీ వసూలు ఆగుతుంది. ఒప్పుకున్న పన్ను ఏమైనా ఉంటే మాత్రం మొత్తం కట్టాల్సిందే.

‘హైకోర్టు ఉందిగా’ అని చాలామంది తాత్సారం చేస్తారు. పాత వ్యాట్ చట్టం కింద కాకినాడ పన్నుల అధికారికీ, గ్లాక్సో కంపెనీకీ నడిచిన కేసులో 2020లో సుప్రీంకోర్టు ఆ దారి దాదాపు మూసేసింది: అప్పీలు గడువు దాటబెట్టుకుని నేరుగా హైకోర్టులో రిట్ పిటిషన్ వేస్తే కుదరదంది. ఇకపై జీఎస్టీ పోర్టల్లో ‘అదనపు నోటీసులు, ఆర్డర్లు’ విభాగం కూడా వారానికోసారి తెరిచి చూడండి. ఆర్డర్లు ఎక్కువగా అక్కడే కంటపడకుండా ఉండిపోతాయి.