ముందు అమ్మను అడుగు

చిరంజీవి అల్లుడికి,

బావ జ్ఞాపకార్థం పుస్తకం వేస్తున్నావని మీ చెల్లెలు చెప్పింది. కడుపు నిండిపోయిందిరా. అయితే కాగితాలు, ఫొటోలు, స్నేహితుల వ్యాసాలు అయ్యాక ఆఖర్న అమ్మ చేత నాలుగు మాటలు చెప్పిస్తానన్నావట. ఆ ‘ఆఖర్న’ అన్న మాట విన్నప్పట్నుంచీ గుబులుగా ఉంది. ఈ ఆదివారమే అమ్మ దగ్గర కూర్చో. మిగతావన్నీ ఆగుతాయి.

మీ తాతగారి స్మారక సంచికకు జరిగిన తప్పు ఇదే. ఊరూరా తిరిగి అందరినీ అడిగారు. మీ నాన్నమ్మ ఇంట్లోనే ఉంది కదా, ఎప్పుడైనా అడగొచ్చనుకున్నారు. తీరా ఆవిడ వంతు వచ్చేసరికి జ్ఞాపకం జారిపోయింది. ఫ్యాక్టరీ గేటు ముందు పదకొండు మంది నిలబడ్డ ఫొటో నువ్వూ చూశావు. ఒకప్పుడు ఒక్కొక్కరి మీద వేలు పెట్టి పేర్లు చెప్పగలిగింది ఆవిడ ఒక్కతే. ఫొటో చేతికిస్తే కొంగుతో అంచులు తుడుస్తూ కూర్చుంది తప్ప ఒక్క పేరూ నోటికి రాలేదు. చివరికి ‘ఎడమ నుంచి నాలుగోవారు నాన్నగారు, తోటి కార్మికులతో’ అని అచ్చువేశారు. ఆ పది మందిలో ఒకాయన తాతగారికి లేత్ పని నేర్పిన మనిషి. ఎవరో ఇక ఎవరూ చెప్పలేరు. వెనక పెన్సిల్‌తో పేర్లు రాసి పెట్టుకోవడానికి పావుగంట చాలు. ఆ పావుగంట ముప్పై ఏళ్లలో ఎవరికీ దొరకలేదు!

‘నాన్న గురించి చెప్పమ్మా’ అని అడక్కు. ‘దేవుడు నాయనా’ అని కళ్లొత్తుకుంటుంది, అక్కడితో సరి. ఒక ఫొటో చేతికిచ్చి, పక్కన ఉన్నదెవరు, తీసిందెవరు, అప్పుడు ఏ ఇంట్లో ఉండేవాళ్లు అని అడుగు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చాక ముందు ఏం చేసేవాడో అడుగు. ఫ్యాన్ ఆపి, రికార్డు చేసే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడత తువ్వాలు మీద మూరెడు దూరంలో ఉంచు. వట్టి బల్ల మీద పెడితే గాజుల చప్పుడు మాటను మింగేస్తుంది. ఒక నిమిషం రికార్డు చేసి విని చూసుకుని, తేదీ, పేరు నీ గొంతుతో చెప్పి మొదలుపెట్టు. నలభై నిమిషాలు దాటనివ్వకు. మాట కోసం తడుముకుంటుంటే నువ్వు అందించకు. కాసేపు మౌనంగా ఉంటే అసలు సంగతి ఆ తర్వాతే వస్తుంది. గంట మాట కాగితం మీదికి ఎక్కాలంటే నాలుగైదు గంటలు కూర్చోవాలి, అందుకని ఏ వారానిది ఆ వారమే రాసేసుకో.

ఏళ్ల విషయంలో మాత్రం ఎవరి జ్ఞాపకాన్నీ నమ్మకు, మీ అమ్మదైనా సరే. నువ్వు పుట్టకముందా, తర్వాతా అని అడిగి లెక్క కట్టి, ఉద్యోగ కాగితాలతో సరిచూడు. తేలకపోతే సంవత్సరం వేయకు.

ఫొటోలు 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేసి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైల్‌గా దాచు. అచ్చుకు 300 చాలు కాబట్టి రెండింతలు పెంచినా బొమ్మ చెదరదు. జిగురు పేజీల ఆల్బమ్‌లోంచి ఫొటో పీకావంటే చిరుగుతుంది, పేజీతో సహా స్కాన్ చెయ్. ఫొటో వెనక బాల్‌పెన్‌తో రాయకు, ఒత్తిడికి ముందువైపు మొహాల మీద గీతలు తేలతాయి. మెత్తని పెన్సిల్‌తో అంచున రాయి. సెల్లోటేప్, లామినేషన్ జోలికి పోకు. అన్నిటికీ మూడు కాపీలు తీసి, ఒకటి చెల్లెలింట్లో ఉంచు. కాగితాలు నడుమ మడిచి పిన్నులు కొట్టే పుస్తకమైతే పేజీల లెక్క నాలుగుతో తెగేలా చూసుకో.

కష్టజీవి, త్యాగమూర్తి లాంటి మాటలు కనబడ్డచోటల్లా కొట్టెయ్. అవి ఎవరి సంచికలోనైనా ఉంటాయి, బావ ఉండడు. ఆయన చొక్కా జేబులో ఉండే లెక్కల పుస్తకం నీ దగ్గరే ఉందిగా? ప్రతి నెలా పై వరసలో మీ ఇద్దరి ఫీజులు, అట్టడుగున తన ఖర్చు. ఒకచోట ‘కళ్లజోడు’ అని రాసి కొట్టేసి, పక్కన ‘వచ్చే నెల’ అని ఉంటుంది. తర్వాతి నెలా అంతే, ఆ తర్వాతా అంతే. ఆ పేజీలు ఉన్నవి ఉన్నట్టు అచ్చువెయ్, కింద ఒక్క మాటా రాయకు.

స్కూలు వార్షికోత్సవానికి నాన్న ఒక్కసారీ రాలేదన్న ఉక్రోషం నీకింకా ఉంది. అది దాచి రాశావంటే పుస్తకమంతా అబద్ధం వాసన వేస్తుందిరా. రాయి. ఆ తేదీలకు ఓవర్‌టైమ్ చీటీలు ఉన్నాయేమో వెతికి, ఉంటే పక్కనే పెట్టు. రాసేటప్పుడు ఏడుపొస్తే ఏడువు, నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా ఫరవాలేదు.

ఆ కళ్లజోడు చివరికి ఎప్పుడు కొన్నాడో లెక్కల పుస్తకంలో లేదు. అక్కయ్యకు తెలిసే ఉంటుంది. ఆదివారం మొదటి ప్రశ్న అదే అడుగు.

మీ మామయ్య