గిటార్ పెడల్ ఆపించకండి, కొలతలు రాయించండి

ప్రశ్న: మా అబ్బాయి తిరుపతిలో పాలిటెక్నిక్ ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాడు. గిటార్ వాయిస్తాడు. కొన్ని నెలలుగా సాయంత్రమైతే చాలు, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చుంటున్నాడు. గిటార్‌కి అనలాగ్ డిలే పెడల్ సొంతంగా చేస్తాడట. పాకెట్ మనీ అంతా ఐసీ చిప్‌లకే పోతోంది. డిప్లొమా తర్వాత బీటెక్‌లో చేరడానికి రాసే ఈసెట్ దగ్గర పడుతోందని వాళ్ల నాన్న రోజూ కోప్పడుతున్నారు. ఆపించమంటారా?
– ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, ఆపించవద్దు. అయితే వాడు ఆ పని ఎలా చేస్తున్నాడన్నది మాత్రం మీరు తెలుసుకోవాలి. ఎవరో గీసిన సర్క్యూట్ చూసి అతికిస్తున్నాడా, అర్థం చేసుకుని చేస్తున్నాడా? కెరీర్‌కి పనికొచ్చేదీ రానిదీ అక్కడే తేలుతుంది.

ఆ పెడల్ పెట్టె ఏం చేస్తుందో మీకూ తెలిస్తే వాడితో మాట్లాడటం సులువు. తీగ మీటిన శబ్దాన్ని క్షణకాలం పట్టి ఉంచి, కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపిస్తుంది. అనలాగ్ రకంలో దీనికి 'బకెట్ బ్రిగేడ్' అనే ఐసీ వాడతారు. 1969లో ఫిలిప్స్ పరిశోధనశాలలో పుట్టిన ఆలోచన ఇది. లోపల విద్యుత్ చార్జిని దాచుకునే కెపాసిటర్లు వేలకొద్దీ వరుసగా ఉంటాయి. శ్లాబు వేసేటప్పుడు కూలీలు సిమెంటు తట్టలు చేతులు మార్చుకుంటూ పైకి అందించినట్టు, క్లాక్ (తాళంలా క్రమంగా కొట్టే విద్యుత్ సంకేతం) ప్రకారం చార్జి పక్క కెపాసిటర్‌కి చేరుతూ పోతుంది, ఒక్కో క్లాక్ చక్రానికి రెండు దశలు. ఎంఎన్3005 అనే ఐసీలో ఇలాంటి దశలు 4096. దశల సంఖ్యను క్లాక్ వేగానికి రెట్టింపుతో భాగిస్తే ఆలస్యం వస్తుంది. క్లాక్ 10 కిలోహెర్ట్జ్ అయితే సుమారు 205 మిల్లీసెకన్లు.

ఇంకా ఎక్కువ ఆలస్యం కావాలంటే క్లాక్ తగ్గించాలి. తగ్గిస్తే సన్నని స్వరాలు పోతాయి, క్లాక్ చేసే కీచుమన్న చప్పుడు చెవికి వినపడుతుంది. అందుకే ఐసీకి ముందొకటి, వెనకొకటి, కీచు శబ్దాలను ఆపే లోపాస్ ఫిల్టర్లు పెడతారు. ప్రతిధ్వని ఎన్నిసార్లు రావాలో మార్చే రిపీట్స్ నాబ్ పూర్తిగా తిప్పితే తీగ ముట్టకపోయినా పెడల్ ఊళ పెడుతుంది. ఎందుకని మీవాడిని అడగండి. తిరిగి లోపలికి వెళ్లే శబ్దం ప్రతి చుట్టుకీ పెరుగుతూ పోతే, అంటే లూప్ గెయిన్ ఒకటి దాటితే, అలాగే జరుగుతుంది, డిప్లొమాలో ఆసిలేటర్ల పాఠం మొత్తం దీని గురించే. ఆ పాఠాన్ని చెవులతో విన్న పిల్లాడు పరీక్షలో మర్చిపోడు. శాంప్లింగ్, ఫిల్టర్, ఆప్‌ఆంప్, ఫీడ్‌బ్యాక్ అన్నీ ఒకే చోట ఉన్న ప్రాజెక్టు ఆ వయసు పిల్లలకి అంత తేలిగ్గా దొరకదు.

ఇంకో ప్రశ్న కూడా అడగండి: "నీ ఐసీ ఏది?" పీటీ2399 అని చెబితే, అది చవక, సులువు, మొదటిసారికి మంచిదే. కానీ లోపల శబ్దాన్ని అంకెలుగా మార్చుతుంది కాబట్టి అది డిజిటల్. ఆ తేడా చెప్పగలిగితే సంతోషించండి. పాత ఎంఎన్3005 కొనాలంటే మాత్రం జాగ్రత్త. వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది, బజారులో నకిలీలు ఎక్కువ. ఎలక్ట్రానిక్స్ బజారైన చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లినా సరే, పరీక్షించి చూడకుండా ఖరీదైన ఐసీకి డబ్బు పెట్టవద్దని చెప్పండి.

9 వోల్టుల బ్యాటరీతో నడిచే పని కాబట్టి షాక్ భయం లేదు. కిటికీ తెరిచి సోల్డరింగ్ చేయమనండి, అయ్యాక చేతులు కడుక్కోవాలి, మామూలు సోల్డర్‌లో సీసం ఉంటుంది. గాజు వాల్వులతో పనిచేసే పాతరకం వాల్వ్ ఆంప్లిఫయర్ జోలికి మాత్రం ఒంటరిగా వెళ్లనివ్వకండి, అందులో ప్రాణాంతకమైన వోల్టేజీ ఉంటుంది.

ఇక ఈసెట్. వాళ్ల నాన్నగారి టెన్షన్‌లో న్యాయం ఉంది. 200 మార్కుల్లో బ్రాంచి సబ్జెక్టుకి 100, గణితానికి 50, ఫిజిక్స్, కెమిస్ట్రీలకి చెరో 25. పెడల్ సాయం చేసేది ఆ వందలో కొంతభాగానికే. గణితం, కెమిస్ట్రీ పెడల్‌తో రావు. కాబట్టి పొద్దున గణితం కచ్చితంగా చేయాలి, పెడల్‌కి వారంలో రెండు మూడు సాయంత్రాలు. ఈ ఒప్పందం ముగ్గురూ కూర్చుని చేసుకోండి. నెలకింత అని ఖర్చు కూడా అప్పుడే తేల్చేయండి.

పెడల్స్ అమ్మి బతుకుతానంటే ఇప్పుడే ఒప్పుకోవద్దు. తిరుపతిలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లే తక్కువ, దాన్ని పక్క సంపాదనగానే చూడాలి. కానీ ఈ నేర్పు వేరే దారుల్లో పనికొస్తుంది. ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరితే సిగ్నల్ ప్రాసెసింగ్, అనలాగ్ ఐసీ డిజైన్ వైపు వెళ్లొచ్చు. మన చిత్తూరు రోడ్డులోనే గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల (ఎన్‌ఏఆర్‌ఎల్) ఉంది, అక్కడి రాడార్ వాతావరణం నుంచి వచ్చే బలహీనమైన సంకేతాలను నాయిస్‌లోంచి ఏరి తీస్తుంది. మీవాడు ఇంట్లో చిన్న ఎత్తున పోరాడుతున్నది ఆ నాయిస్‌తోనే. ఉద్యోగం ముందు కావాలంటే రేణిగుంట, శ్రీసిటీ వైపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలున్నాయి. బోర్డులో తప్పు ఎక్కడుందో పట్టుకోగలిగినవాడికి టెస్టింగ్ విభాగంలో విలువ ఉంటుంది.

ఇవన్నీ నిజం కావాలంటే వాడి చేతిలో ఒక నోట్‌బుక్ ఉండాలి. లెక్చరర్ అనుమతి తీసుకుని పెడల్‌ని కాలేజీ ల్యాబ్‌కి పట్టుకెళ్లమనండి. సంకేతాన్ని తెర మీద గీసి చూపే సీఆర్‌ఓ మీద క్లాక్ కొలిచి, లెక్క ప్రకారం రావలసిన ఆలస్యం, నిజంగా వచ్చిన ఆలస్యం పక్కపక్కనే రాయాలి. ఫిల్టర్ కెపాసిటర్ మార్చితే ఏం మారిందో, ఏ తప్పు ఎలా దొరికిందో కూడా రాయాలి. ఇంటర్వ్యూలో పెడల్ మోగిస్తే ముచ్చటపడతారేమో గానీ, ఉద్యోగం ఇచ్చేది ఆ కొలతలు చూసే.

మొదటి నాలుగు పేజీలు నిండాక ఫొటోలు తీసి నాకు పంపమనండి. బీటెక్‌లో ఏ కాలేజీ, ఏ బ్రాంచి అన్నది అవి చూశాక మాట్లాడదాం.